కిటికీ వరస

ఆ కుట్టు హాల్లో పనిచేసే ఇరవైముగ్గురిలో వెన్నెముక ఉన్నది తన ఒక్కదానికేనని కాజాలక్క నమ్మకం. మనసులో పెట్టుకుని ఊరుకునే నమ్మకమూ కాదది. పొద్దున్న మిషను మీది గుడ్డ తీసింది మొదలు సాయంత్రం మళ్ళీ కప్పేదాకా కనీసం నాలుగుసార్లయినా పైకి అనేది: "మనుషులా మీరు? మీకంటే గొర్రెలు నయం. గొంతు కోసేటప్పుడైనా అరుస్తాయి."

ఆవిడ పని కోట్లకి కాజాలు తియ్యడం. గుండీ దూరే చీలిక చుట్టూ చేత్తో దారం అల్లడమన్నమాట. ముప్ఫై ఏళ్ళుగా అదే పని గనక అసలు పేరు అరిగిపోయి ఈ పేరు మిగిలింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "నిటారుగా నిలబడే మగాడు దొరకలేదు" అనేది. తమ్ముడి ఇంట్లోనే ఉంటుంది. తమ్ముడు ఒక గోడౌన్లో బస్తాల లెక్క చూసుకుంటాడు. అక్క మాటంటే వాడికి వేదం.

ఆ హాలుకి ఒక్క పక్కే కిటికీలు. మిగతా మూడు పక్కలా గోడలే. మిషన్లు నాలుగు వరసలు. కిటికీ వరసలో వాళ్ళకి నల్లగుడ్డ మీద నల్లదారం కూడా స్పష్టంగా కనబడుతుంది. రెండో వరస ఫరవాలేదు. మూడో వరసలో సూదిలోకి దారం ఎక్కాలంటే రెండు మూడుసార్లు ఉమ్మి తడి చెయ్యాలి. ఇక నాలుగో వరస దాకా వెలుతురు రాదు. మొహమాటానికొచ్చిన చుట్టంలా గుమ్మంలోనే నిలబడి వెళ్ళిపోతుంది. పైన రెండు ట్యూబులైట్లున్నాయి. ఒకటి ఎప్పుడూ కొట్టుకుంటూ ఉంటుంది, రెండోది కాలిపోయి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తు లేదు.

కొత్తగా చేరినవాళ్ళకి చిట్టచివరి కుర్చీ. ముందున్నవాళ్ళలో ఎవరైనా రిటైరైతేనో, పోతేనో వెనకవాళ్ళంతా ఒక్కొక్క కుర్చీ ముందుకి జరుగుతారు. జాలిపడి ఎవరైనా తన చోటు ఇంకొకరికిస్తే, ఇచ్చినవాళ్ళు మళ్ళీ చివరికెళ్ళి మొదలెట్టాలి. ఈ ఆచారం ఎవరు పెట్టారో తెలీదు, ఎక్కడా రాసిలేదు. అందుకే దాన్ని ఎవరూ కొట్టెయ్యలేకపోయారు. హాల్లో ఎవరి చావుకబురైనా వస్తే అందరూ "అయ్యో పాపం" అనేవాళ్ళు, ఆ "పాపం" నోట్లో ఉండగానే మనసులో కుర్చీలు లెక్కెట్టుకునేవాళ్ళు. ఛీ, ఏం బతుకులో!

కాజాలక్కది రెండో వరసలో మొదటి కుర్చీ. కిటికీ వరసలో అందరికంటే పెద్దాయన కాలర్ బాబాయి. చొక్కాలకి కాలర్లు కుట్టీ కుట్టీ మెడ వంగిపోయిన మనిషి. ఆయనకి ఇంక రెండే నెలల సర్వీసు. ఆయన లేస్తే కాజాలక్కకి కిటికీ వస్తుంది. ముప్ఫై ఏళ్ళ తర్వాత, రెండే నెలల్లో. ఆ మాట ఆవిడ ఎవరితోనూ అనేది కాదు గానీ, రోజూ మధ్యాహ్నం చేతులు కడుక్కుని వస్తూ ఆ వరస వైపు ఓసారి చూసి వచ్చి కూర్చునేది.

గొడవంతా మరదలి కళ్ళ దగ్గర మొదలైంది. మరదలంటే తమ్ముడి పెళ్ళాం. నాలుగేళ్ళ క్రితం కాజాలక్కే చెప్పి పనిలో పెట్టించింది. నెమ్మదైన పిల్ల, చెయ్యి మంచిది. నాలుగో వరసలో కూర్చుని వాచ్‌మన్ల యూనిఫారం ప్యాంట్లు కుట్టేది. ముదురు నీలం గుడ్డ, ముదురు నీలం దారం, పైన కొట్టుకునే లైటు. ఏడాది తిరిగేసరికి తలనొప్పులు, రెండో ఏడు కళ్ళజోడు, నాలుగో ఏటికి కుట్లు వంకర. కట్ట కట్టి పంపిన ప్యాంట్లు రెండుసార్లు తిరిగొచ్చాయి. మూడోసారి తిరిగొస్తే ఇంటికే అన్నారు. కంటి డాక్టరు ఇంకో మాట చెప్పాడు: "మంచి వెలుతుర్లో పని చెయ్యమ్మా, లేకపోతే మానెయ్. ఇలాగే పోతే రెండేళ్ళలో అద్దాలు కూడా అక్కరకు రావు."

మరదలు వెళ్ళి ఓనర్ని లైట్లు అడిగింది. "ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడెందుకొచ్చిందమ్మా?" అన్నాడు ఆయన. "అసలు కుర్చీల సంగతి మీరూ మీరూ తేల్చుకోండి. మీ పద్ధతుల్లో నేను వేలు పెట్టను." వేలు పెట్టక్కర్లేకుండా పని జరిగిపోతుంటే ఎవడు మాత్రం పెడతాడు? ఇరవైమూడు మంది కిటికీ కోసం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు రక్కుకుంటున్నంత కాలం, గోడకి ఇంకో లైటు కొట్టమని అడగాలన్న ఆలోచన మరదలికి తప్ప ఒక్కరికీ రాలేదు.

అప్పుడు మరదలు ఓ సోమవారం భోజనాల వేళ లేచి నిలబడి చెప్పింది: "నెలకోసారి వరసలు మార్చుకుందాం. చివరి వరస కిటికీకి, మిగతావాళ్ళు ఒక్కో వరస వెనక్కి. అందరం నెల వెలుతుర్లో, మూడు నెలలు వెనక. అప్పుడు ఎవరి కళ్ళూ పూర్తిగా పోవు." అంతే. గట్టిగా కూడా అనలేదు. హాల్లో మాత్రం బాంబు పడినట్టయింది.

కాలర్ బాబాయికి కోపం రావడంలో అర్థముంది. "పంతొమ్మిదేళ్ళు వెనక కూర్చున్నానమ్మా నేను. అప్పుడు నాకెవరైనా మార్చారా?" అన్నాడు. తను పడ్డాడు గనక అందరూ పడాలని ఆయన న్యాయం. సరే, ఉన్నవాడు వదులుకోడు. కానీ అందరికంటే ఎక్కువ ఎగిరిపడ్డది ఎవరనుకున్నారు? నాలుగో వరస జేబులాయన. మరదలి పక్క కుర్చీయే. అదే చీకటి, అవే తలనొప్పులు. గుడ్డ ముక్కుకి ఆనించుకుని జేబులు కుడతాడు.

"రేపు నాకు రాబోయే కిటికీని ఇవాళ ఊరందరికీ పంచిపెడతారా?" అని అరిచాడాయన.

ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! కాజాలక్క అక్కడికక్కడే వేళ్ళు మడిచి లెక్క చెప్పింది: "ఏడాదికొకరు లేచినా నీకు కిటికీ వచ్చేది నీ అరవై ఐదో ఏట జేబులాయనా. అరవైకే ఇంటికి పంపుతారు. నీ కిటికీ ఎక్కడుందయ్యా, ఆకాశంలోనా?"

హాలు గొల్లుమంది. జేబులాయన మొహం మాడిపోయింది. కిటికీ వరస వైపు ఓసారి చూసి, "ఏదైనా పద్ధతి పద్ధతే" అని గొణుక్కుంటూ కూర్చున్నాడు.

చివరికి మూడు వారాల తర్వాత ఓట్లేసి తేల్చుకుందామని అందరూ ఒప్పుకున్నారు. ఆ మూడు వారాలూ కాజాలక్కకి పండగే. రోజుకొకర్ని పట్టుకుని కడిగేది. ఇటు చెప్పాలో అటు చెప్పాలో తేలక నవ్వేవాళ్ళని గోడ మీద పిల్లులంది. "ఎప్పట్నుంచో ఉన్నదాన్ని ఎందుకు కదపడం" అన్నవాళ్ళని, "పుండు కూడా ఎప్పట్నుంచో ఉంటుంది, దాన్నీ ఉంచుకోండి" అంది. మూడో వరసలో కఫ్‌లు కుట్టే అక్కచెల్లెళ్ళు ఇద్దరున్నారు. "ఇంకో నాలుగేళ్ళలో మాకు రెండో వరస వస్తుంది కదక్కా" అని వాళ్ళు నసిగితే, "ఈలోగా మీ కళ్ళు పోతాయి, రెండో వరసలో తడుముకుంటూ కూర్చుందురు గానీ" అని ఏడిపించింది.

"తిడితే ఓట్లు రావు వదినా," అంది మరదలు ఒకరోజు ఇంటికొస్తూ.

"వస్తాయే. సిగ్గుంటే వస్తాయి."

"వాళ్ళకి సిగ్గు లేక కాదు, భయం. ఉన్నది కూడా పోతుందని."

"ఏముందే వాళ్ళకి పోవడానికి? చీకటా?" అంది కాజాలక్క, తన మాటకి తనే మురిసిపోతూ.

నిజానికి అన్ని రోజులూ ఆవిడ గొంతు అంత నిబ్బరంగా పలకడానికి ఒక కారణం ఉంది. అది ఆవిడకి కూడా ఓటింగు రోజు పొద్దున్నదాకా తెలీదు. ఆ పొద్దున్న కఫ్‌ల అక్కచెల్లెళ్ళు దగ్గరికొచ్చి, "మేమిద్దరం మార్పుకే వేస్తున్నామక్కా. రెండో వరసలో ఇంకో ముగ్గురు కూడా అటే. ఈసారి గెలుస్తాం," అన్నారు. కాజాలక్కకి సంతోషం కలగలేదు. ఓడిపోయే పక్షాన నిలబడి అరవడం వేరు, గెలవడం వేరు. గెలిస్తే వచ్చే నెల ఆవిడ వెళ్ళేది మూడో వరసకి, ఆ పై నెల నాలుగో వరసకి. కిటికీ వచ్చినా నెలరోజుల ముచ్చటే.

ఓటు పద్ధతి గుడ్డలు కత్తిరించే కటింగ్ మాస్టారు పెట్టాడు. చేతులెత్తితే కొట్టుకుంటారని, రహస్యంగా ఉండాలని, చీటీలెందుకు దండగని ఆలోచించి, తన తెలివికి తనే మెచ్చుకుని చెప్పాడు: "మీ మీ డబ్బీల్లో గుండీలున్నాయిగా. తెల్లగుండీ అంటే మార్పు. నల్లగుండీ అంటే పాత పద్ధతి. తెర వెనక రేకుడబ్బా పెడతాను. ఒక్కొక్కరే వెళ్ళి వేసి రండి." ఆస్పత్రుల తెల్లబట్టలూ, వాచ్‌మన్ల ముదురురంగు బట్టలూ కుట్టే హాలు గనక రెండు రంగులూ అందరి డబ్బీల్లోనూ ఉంటాయి. భేషుగ్గా ఉందన్నారు అందరూ. పొద్దస్తమానం గుండీలతో బతికే ఇరవైముగ్గురిలో ఒక్కరికీ ఇంకేమీ తోచలేదు.

కాజాలక్క వంతు వచ్చింది. తెర వెనక్కి వెళ్ళింది. ఎడం చేతిలో తెల్లది, కుడి చేతిలో నల్లది. తెల్లది వెయ్యడానికే వెళ్ళింది, అందులో అబద్ధం లేదు. డబ్బా మీద చెయ్యి పెట్టాక మనసు లాయరు గౌను తొడుక్కుంది. ఇది ఎలాగూ గెలిచేట్టుంది కదా, నేనొక్కదాన్ని వెయ్యకపోతే ఏం? పోనీ ఓడిపోయేదే అయితే, నేనొక్కదాన్ని వేసి ఏం లాభం? గెలిస్తే మరదలి కళ్ళు నిలుస్తాయి, నా చేతికి పాపం అంటదు. ఓడితే నాకు కిటికీ వస్తుంది, అప్పుడు ఆ పిల్ల ప్యాంట్లు కూడా నేనే కుట్టిపెడతాను, దానికీ మేలే. ముప్ఫై ఏళ్ళు. ముప్ఫై ఏళ్ళు చూసి రెండు నెలల ముందు ఎవతి వదులుకుంటుంది? ఇన్ని అనుకోవడానికి ఎంతసేపు పట్టిందో గానీ, బయటినుంచి మాస్టారు దగ్గాడు. డబ్బాలో టంగుమని నల్లగుండీ పడింది.

బయటికొచ్చి మరదలి భుజం తట్టింది. "ధైర్యంగా ఉండవే," అంది.

కటింగ్ బల్ల మీద మాస్టారు డబ్బా బోర్లించి నల్లవన్నీ ఒకవైపు, తెల్లవన్నీ ఒకవైపు పేర్చాడు. రెండుసార్లు లెక్కపెట్టాడు. నల్లవి పన్నెండు. తెల్లవి పదకొండు.

ఒక్క గుండీ తేడా. అదెవరిదో కాజాలక్కకి తెలుసు. అప్పుడైనా నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ ముప్ఫై ఏళ్ళ అలవాటు, నోరు ఆవిడ మాట వినేది కాదు.

"పన్నెండుమంది!" అంది. గొంతు పెద్దదైంది. "పన్నెండుమంది పిరికిపందలు! పక్కమనిషి గుడ్డిదైపోతుంటే తెర వెనక దాక్కుని నల్లగుండీ వేశారు. మీ మొహాలకి చీకటే తగును. ఎవరర్రా? ఉంటే ఎదురుగా వచ్చి చెప్పండి చూస్తాను!"

ఎవరూ రాలేదు. మరదలు మాత్రం లేచి బల్ల దగ్గరికి వెళ్ళింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకుంది. బల్ల మీదికి బాగా వంగింది. అయినా ఆనలేదు కాబోలు, తెల్లగుండీల మీద వేళ్ళు పెట్టి ఒక్కొక్కటీ తడిమింది. చిన్నవి, రెండు కన్నాలవి చొక్కా పట్టీలకి. పల్చటివి కఫ్‌లకి. మధ్యలో గుంట ఉన్నది జేబులకి. ఒకటి తర్వాత ఒకటి తడుముతూ పదకొండూ అయ్యాక, మళ్ళీ మొదట్నుంచీ తడిమింది. ఆ పిల్ల దేనికోసం వెతుకుతోందో కాజాలక్కకి అప్పుడర్థమైంది. కోటుగుండీ కోసం. బొటనవేలి గోరంత ఉండి, నాలుగు కన్నాలతో, అంచు ఎత్తుగా ఉండేది. కోటుగుండీలు హాలు మొత్తానికి ఒక్క డబ్బీలోనే ఉంటాయి.

అది పక్క కుప్పలో ఉంది. పన్నెండు నల్లవాటిలో అన్నిటికంటే పెద్దది. కాజాలక్క నిలబడ్డ చోటినుంచి చూసినా కనబడుతోంది.

ఇప్పుడు అందరూ గుండీలు చదవడం మొదలెట్టారు. కుట్టేవాళ్ళకి గుండీ చూస్తే మనిషి మొహం చూసినట్టే. గుసగుసలు లేచాయి. "అదేంటి, జేబులాయనది తెల్లవాటిలో ఉంది!" అన్నారెవరో. జేబులాయన తల దించుకున్నాడు. ఇన్నాళ్ళూ కిటికీ వరసవాళ్ళ మెప్పుకోసం పద్ధతి పద్ధతి అని అరిచి, తెర వెనక్కి వెళ్ళి మరదలి పక్షాన వేసొచ్చాడు పిరికి మనిషి. దొంగతనంగానైనా వేశాడు.

కాలర్ బాబాయి మెల్లగా లేచి వచ్చి మరదలి చెయ్యి పట్టుకున్నాడు. "వద్దులేమ్మా. వెతక్కు," అన్నాడు. తర్వాత కాజాలక్క వైపు తిరిగి, నిజంగానే ఆప్యాయంగా అన్నాడు: "సిగ్గెందుకే పిల్లా. నీ స్థానంలో ఎవరున్నా అంతే. రెండు నెలలేగా, వచ్చి మా పక్కన కూర్చుందువు గాని."

ఎవరైనా తిడితే బాగుండేది. ఒక్కరూ తిట్టలేదు. నల్లగుండీలు వేసిన మిగతా పదకొండుమందీ ఆవిడ వైపు చూసిన చూపులో ఎంత నెమ్మది, ఎంత కలుపుగోలుతనం! మనలో మనిషే అన్నట్టు ఎవరో కుర్చీ కూడా జరిపారు. మూడు వారాలు తను ఉమ్మేసిన మొహాలు అవి. ఆ కుర్చీలోనే కూర్చుంది.

మరదలు తన చోటికి వెళ్ళి కత్తెర, టేపు, కళ్ళజోడు డబ్బా సంచిలో వేసుకుంది. "రేపట్నుంచి రాను మాస్టారూ. మూడో కట్ట తిరిగొచ్చేదాకా ఆగడం దేనికి," అంది.

దారంతా కాజాలక్క మాట్లాడుతూనే ఉంది. "నీ కోసమేనే. కిటికీ దగ్గరికెళ్ళాక నీ పని కూడా నేనే చేసిపెడదామని. ఒక్కటి తక్కువైతే ఇలా అవుతుందని నాకేం తెలుసు? అంత మందిలో నా ఒక్కటే లెక్కా? నల్లవి వేసినవాళ్ళు ఇంకా పదకొండుమంది ఉన్నారు, వాళ్ళ మీద లేని కోపం నా మీదేనా?"

"రోడ్డు దాటండి వదినా, బండొస్తోంది," అంది మరదలు.

అంతకుమించి ఒక్క మాట లేదు. మోచెయ్యి పట్టుకుని దాటించి, అవతలి పక్కకి రాగానే వదిలేసింది. కోపముంటే గట్టిగా పట్టుకునేది. బరువైన సంచిని కింద పెట్టినట్టు పెట్టింది, అంతే.

తమ్ముడు ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టేవేళయింది. ముగ్గురూ భోజనాలకి కూర్చున్నారు. కాజాలక్క అన్నం కలుపుతూనే ఉంది. చెప్పెయ్యాలి, తనే ముందు చెప్పెయ్యాలి, ఇంకొకరు చెబితే వాడి మొహం చూడలేనని దారిలోనే అనుకుంది. నాలుకమీదికి వచ్చింది కూడా.

"ఇంతకీ ఏమైంది ఓటింగు?" అన్నాడు తమ్ముడు.

"ఓడిపోయాం," అంది మరదలు. "ఒక్క ఓటు. నేను పని మానేశాను."

"ఒక్క ఓటా!" వాడి చెయ్యి కంచంలో ఆగిపోయింది. "ఎవరే వేసింది? గుండీలేసి ఓట్లన్నారుగా, చూస్తే తెలియదూ ఎవరివో?"

కాజాలక్క మంచినీళ్ళ గ్లాసు అందుకుంది.

"నాకేం కనబడుతుందండీ ఆ చీకట్లో," అంది మరదలు. "కనబడలేదు."

చెబితే అరుపులు, ఏడుపులు, చివరికి ఓ క్షమాపణ, ఏదో ఒకటి అయ్యేవి. అవేవీ తనకి దక్కనివ్వలేదు ఆ పిల్ల. ఇంట్లో కూడా దాపరికమే ఇచ్చింది, హాల్లో మాస్టారు కట్టిన తెరలాగే. కాజాలక్కకి మొహం మీద కొట్టినట్టయింది.

తమ్ముడు ఇంకా రగిలిపోతున్నాడు. "ఎవరైతేనేం, వాళ్ళ చేతులు పడిపోను! నువ్వేం బాధపడకు, మీ వదిన ఉంది. ఇంకో చోట పని చూస్తుంది నీకు." అక్క వైపు తిరిగాడు. వాడి కళ్ళల్లో చిన్నప్పటి నుంచీ ఉన్న ఆ నమ్మకమే. "నిజంగా అక్కా, ఆ హాల్లో నీలాంటిది ఇంకొక్కతి ఉండుంటే గెలిచేసేవాళ్ళు. కాదూ?"

సాయంత్రం నుంచి మొదటిసారి మరదలు తలెత్తి కాజాలక్క మొహంలోకి సూటిగా చూసింది. అడ్డు రాలేదు. సాయమూ చెయ్యలేదు. ఏమంటుందో విందామని ఊరుకుంది.

"అవున్రా," అంది కాజాలక్క.

మరదలు కంచాలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.